ఇంటిపేరుకు అతికించిన శ్రీ

గిద్దలూరులో ఒక ఎరువుల దుకాణంలో చచ్చిపడి ఉన్న కంప్యూటరు ప్రోగ్రామును, నేను దుకాణం గడప దాటకుండా, కీబోర్డు మీద వేలు పెట్టకుండా, రోడ్డు మీద నిలబడి ఒక్క మాటతో లేపి కూర్చోబెట్టాను. ఈ సంగతి మార్కాపురంలో మా వీధి టీకొట్టు దగ్గర చెప్పాను. కంభం బస్టాండులో ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను. త్రిపురాంతకంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర పక్క విస్తరి ఆయనకు చెబుతుంటే, ఆయన సాంబారు పోయించుకోవడం మరిచిపోయాడు. చెప్పిన ప్రతిసారీ నేను నిలబడిన చోటు కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ పోయింది. మొదట గడపకు ఆనుకొని ఉండేవాణ్ణి. తర్వాత రోడ్డు అంచుకు వచ్చాను. పెళ్లి భోజనాల నాటికి రోడ్డు దాటి అవతలి సోడా బండి దగ్గర ఉన్నాను.

కాగితం మీద పెట్టేటప్పుడు అంత దూరం నిలబడితే బాగుండదు. కొంచెం దగ్గరికి వస్తాను. రోడ్డు మీద నిలబడింది నిజం. ఎందుకు నిలబడ్డానో, ఎంతసేపు నిలబడ్డానో, తర్వాత ఏం చేశానో చెప్పాలంటే మొదట నా రోత గురించి చెప్పాలి.

నేను లెక్కల లెక్చరర్‌ని. మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పని చేసేవాణ్ణి. కాలేజీ వాళ్లు కంప్యూటరు కోర్సు పెట్టారు. చెప్పేవాళ్లు దొరకలేదు. లెక్కలు వచ్చిన మనిషికి కంప్యూటరు రాకుండా పోతుందా అని నన్ను అటు తోశారు. అలా జావా అనే ప్రోగ్రాముల భాష నా నెత్తిన పడింది. ముందు నేను చదువుకొని, ఆ తడి ఆరకముందే పిల్లలకు చెప్పేవాణ్ణి. ఎవరైనా అడ్డం ప్రశ్న వేస్తే "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనేవాణ్ణి. రిటైరయ్యాక మాత్రం, ఈ పడమటి ప్రకాశం జిల్లాకు జావాను మోసుకొచ్చినవాణ్ణి నేనేనని చెప్పుకుంటున్నాను. ఎవరూ కాదనలేదు. కాదనేంత తెలిసినవాళ్లు టీకొట్టు దగ్గరికి రారు.

మా కోడలు తర్లుపాడు అమ్మాయి. హైదరాబాదులో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. ఒకరోజు కంపెనీ వాళ్లు అందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, మీ సేవలకు ధన్యవాదాలు అని దండం పెట్టేశారు. మా వాడికి కంభంలో ఉద్యోగం. అందుకని ఆమె మార్కాపురం వచ్చి, మా ముందు గదిలో బల్ల వేసుకొని, సొంతంగా పని చేసుకుంటానంది. మొదట దొరికింది గిద్దలూరు షావుకారు పని. అది నిలబడితే ఆయన చుట్టాల దుకాణాలు కంభంలోనూ త్రిపురాంతకంలోనూ ఉన్నాయి, అవి కూడా చేతికి వస్తాయి. నిలబడకపోతే మళ్లీ హైదరాబాదులో ఏదో హాస్టల్లో మంచం వెతుక్కోవాలి, ఇంటి ముఖం ఎప్పుడో ఒకసారి చూడాలి. ఈ మాట ఆమె అన్నం తింటూ ఒక్కసారే అంది. మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో మాకెవరికీ ఆ మాట దిగలేదు.

షావుకారు అమ్మేది విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు. పురుగుమందు సీసాకు గడువు ఉంటుంది. గడువు దగ్గరపడిన సీసా ముందు అమ్మాలి, తీరిన సీసా పక్కన పెట్టి కంపెనీకి తిప్పి పంపాలి. ఏది ముందు, ఏది పక్కకు అని చెప్పడానికి ఆయన దగ్గర ఒక ప్రోగ్రాము ఉండేది. ఎవరో ఒకతను రాసిపెట్టి, ఫోను నంబరు మార్చుకొని వెళ్లిపోయాడు. దాన్ని బాగు చేయమని మా కోడలికి ఇచ్చారు.

ఆ ప్రోగ్రాము లోపల ఏముందో ఆమె తెరిచిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు తలుచుకున్నా నోట్లో నీళ్లూరతాయి, వాంతికి ముందు ఊరే నీళ్లు. ఒకటే ఫోల్డరు. ఉన్నదంతా అందులోనే. స్టాకు అని ఒక ఫైలు. దాని పక్కన స్టాకు కొత్తది. దాని పక్కన స్టాకు చివరిది. ఆ తర్వాత స్టాకు నిజంగా చివరిది. ఆ కిందనే స్టాకు చివరిది పాతది. అన్నీ ఒక్క పోలికే, ఒకదానికి చెయ్యి లేదు, ఒకదానికి కాలు లేదు. వాటి నడుమ ఆ మహానుభావుడి బైకు ఇన్సూరెన్సు ఫొటో, ఎవరిదో పెళ్లి కార్డు. బ్రహ్మచారుల గదిలో మంచం కింద తడి తువ్వాలు, తిని వదిలేసిన ఆమ్లెట్టు పొట్లం, పరీక్ష పుస్తకం, ఒంటి చెప్పు అన్నీ ఒకే దుప్పటి కింద కలిసి మాగుతుంటాయే, ఆ వాసన కొట్టింది నాకు.

"ఏంది మామా, ముక్కు మూసుకున్నారు? కంప్యూటర్లోంచి వాసన వస్తుందా?" అంది కోడలు.

"వస్తాంది. నీకు జలుబు చేసినట్టుంది."

"మీ కాలేజీలో చదువుకున్నవాడే రాసినాడంట ఇది."

ఆ మాటకు నేను మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను.

దాన్ని ఆమె ప్యాకేజీలుగా విడదీసింది. ఆ పనిలో నేను చెయ్యి వేశానని చెప్పుకుంటాను. వేసింది చెయ్యి కాదు, నోరు. ప్యాకేజీ అంటే ఇంటిపేరు అని నేను క్లాసులో చెప్పేవాణ్ణి, అదే ఆమెకూ చెప్పాను. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. జావాకూ అంతే. ప్రోగ్రాములో ప్రతి ముక్కనూ క్లాసు అంటారు. ప్రతి క్లాసూ తన ఫైలు మొదటి వరసలో 'నాది ఫలానా ఇల్లు, ఫలానా గది' అని చెప్పుకుంటుంది. ఆ ఫైలు ఉండే ఫోల్డర్లకు కూడా అచ్చంగా అవే పేర్లు ఉండాలి. దాన్ని పిలుచుకొచ్చే లోడరు ఒక బంట్రోతు. వాడికి సొంత తెలివి లేదు. 'అంగడి ఇంట్లో, గడువు గదిలో, సీసా' అని చెప్పి పంపితే, ఆ ఇంటికే పోతాడు, ఆ గదికే పోతాడు. ఇల్లు కనిపించకపోతే ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. కనిపించినా, లోపలినుంచి వచ్చిన మనిషి వేరే ఇంటిపేరు చెబితే గడప మీదనే తరిమేస్తాడు.

కోడలు నవ్వింది కానీ పేర్లు అలాగే పెట్టింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనవి. ఇల్లు అంగడి. గదులు సరుకు, గడువు, తెర. చివరిది పాతది, నిజంగా చివరిది అన్నవాటిని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసింది. గిద్దలూరు తీసుకుపోయి పెట్టింది. నడిచింది. ముసురు రోజులు పోయి దీపావళి వచ్చేదాకా ఏ మాటా లేకుండా నడిచింది.

దీపావళి మర్నాడు పొద్దున్నే షావుకారు ఫోను చేశాడు. ఆయన గొంతుకు స్పీకరు అక్కర్లేదు, మా వంటింటి దాకా వినిపిస్తుంది.

"పాపా, నీ ప్రోగ్రాం లేవడంల్యా."

"ఏం చేసినారు చిన్నాయనా?"

"ఏం చేయలా. పూజ చేసినాం."

"పూజ కాకుండా ఏం చేసినారు?"

"ఏం చేస్తాం పాపా, కొబ్బరికాయ కొట్టినాం. ఇదో, వ్యవసాయం సారు ఈ పొద్దు మాపటేళకు వస్తా అన్నాడు. గడువు తీరిన మందులు యాడున్నాయో చూపీయాల. అప్పటికి లేచిందా సరి. ల్యాకుంటే ఒంగోలు కంప్యూటరోళ్లు నా యెంట పడి తిరగతాండారు, వాళ్లకిచ్చేస్తా. నువ్వు ఏమనుకోవద్దు."

కోడలు ఫోను పెట్టేసి, జడ కూడా సరిగ్గా వేసుకోకుండా బ్యాగు సర్దుకుంది. నేను చొక్కా తొడుక్కున్నాను.

"మీరెందుకు మామా, మోకాళ్లు నొప్పి అంటాంటిరి గదా."

"జావాకు మోకాళ్లతో ఏం పని?"

ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

కంభం మీదుగా పోయే బస్సు ఎక్కాం. నేను కూర్చున్న సీటు కిటికీ మీద ఎవరో వాంతి చేసుకున్న చార పైనుంచి కిందికి దిగి ఆగిపోయి ఉంది. కండక్టరుకు చూపించాను. వేలితో గీకి చూసి "ఎండింది లే సారూ" అన్నాడు. ఆ వేలితోనే టికెట్టు చించి ఇచ్చాడు. ఆ టికెట్టును గిద్దలూరు దాకా రెండు గోళ్ల మధ్య పట్టుకొని కూర్చున్నాను. పక్కన కోడలు ఫోనులో ఏదో చదువుతూ, మధ్యలో చదవడం మానేసి బయటికి చూస్తూ ఉంది. ఆమెకు కిటికీ చార కనిపించలేదు. ఆమెకు ఒంగోలు వాళ్లే కనిపిస్తున్నారు.

గిద్దలూరులో ఆ దుకాణం చేరుకునేసరికి ఇక నా వల్ల కాలేదు. పురుగుమందు వాసన తెలుసు కదా, అది ముక్కుతో పీల్చే వాసన కాదు, నాలుక మీద కూర్చునే వాసన. దానికి ఆ పొద్దు సాంబ్రాణి పొగ, అరటిపండ్ల మగ్గిన వాసన, బెల్లం పాకం వాసన తోడయ్యాయి. గడప దగ్గరే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని వెనక్కి అడుగేసి రోడ్డు మీద నిలబడ్డాను. నేను రోడ్డు మీద నిలబడిన కారణం ఇదీ. సోడా బండి ఉన్నమాట నిజమే, అది కూడా అవతల కాదు, నా పక్కనే.

అక్కడినుంచే కంప్యూటరు కనిపిస్తోంది. దాన్ని కంప్యూటరు అనడానికి నోరు రాదు. తెరకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. అగరుబత్తి బూడిద రాలి తెర కింద పేరుకుంది. డబ్బాకు బంతిపూల దండ వేశారు. గాలి ఆడే చిల్లుల మీదికే దండ వచ్చింది, లోపలి ఫ్యాను ఆయాసపడుతోంది. కీబోర్డు అక్షరాల సందుల్లో అక్షింతలు, లడ్డు పొడి. ఆ పొడి కోసం చీమలు ఒక చివరినుంచి ఇంకో చివరికి వరస కట్టి, లోపలికి దిగి, పైకి వస్తున్నాయి. కోడలు చేతి రుమాలుతో తుడవబోయింది.

"తుడవొద్దు పాపా! లక్ష్మీదేవి. శుక్రవారం దాకా కదిలీయగూడదు."

"అక్షరాలు కనిపించడంల్యా చిన్నాయనా."

"అలవాటు మీద కొట్టు."

ఆమె చీమలను ఊదుకుంటూ అలవాటు మీదనే కొట్టింది. ఇల్లు దొరకలేదని బంట్రోతు తిరిగి వచ్చాడు. ఏం జరిగిందో ఆమెకు వెంటనే దొరికింది. అంగడి అన్న ఫోల్డరు పేరు మారింది. శ్రీఅంగడి అయింది.

"ఎవరు పెట్టినారు ఈ శ్రీ?"

"నేనే పెట్టినా," అన్నాడు షావుకారు, అందులో తప్పేముందన్నట్టు. "కొత్త లెక్క మొదలుపెట్టేపొద్దు శ్రీ ల్యాకుండా రాస్తామా? మా నాయన శ్రీ రాయందే కలం కదిపేవాడు కాడు. కంప్యూటర్లో యాడ రాయాల్నో తెలీలా. అంగడి అని కనపడె. దాని ముందర పెట్టినా."

"అందుకే లేవడంల్యా. తీసేస్తా ఉండండి."

షావుకారు చెయ్యి చటుక్కున మౌసు మీదికి వచ్చింది. "శ్రీ తీసేస్తావా? పండగ మర్నాడు? నా దుకాణంలో కూచోని?"

"చిన్నాయనా, అది పేరు. పేరు మారితే..."

"పేరుకు శ్రీ పెడితే చెడిపోయే ప్రోగ్రాం నాకొద్దు. ఒంగోలోళ్లు అట్ల చేయరు."

కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుంది. వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. ఆ వీపు చూసి ఉండబట్టలేక, టీకొట్టులో చెప్పుకునే ఆ ఒక్క మాట నేను అప్పుడే విసిరాను. రుమాలు తీసి, సోడా బండి వాడు ఉలిక్కిపడేలా అరిచాను. "శ్రీని ముట్టుకోవద్దు అమ్మాయ్! పిలిచేటప్పుడు కూడా శ్రీ పెట్టే పిలువు!"

షావుకారు నా వైపు తిరిగి చేతులెత్తి మొక్కాడు. ఆ మొక్కు కూడా కథలో భాగమే, అది మాత్రం ఎప్పుడూ పెంచలేదు, ఉన్నంతే చెప్పాను. చెప్పనిది ఆ తర్వాతది.

"రాదు మామా," అంది కోడలు తిరక్కుండానే.

"వస్తుంది."

"లోపల రాసిన పేరు అంగడే గదా. మీరే గదా చెప్పింది, తరిమేస్తాడని."

నేనే చెప్పాను. నేను చెప్పింది నాకు గుర్తు లేదు. షావుకారు మొక్కాక మనిషికి ఏదీ గుర్తుండదు. రుమాలు జేబులో కుక్కి, గడప దాటి, లోపలికి పోయాను. కోడలిని లేపి ఆ కుర్చీలో కూర్చున్నాను. కీబోర్డు మీద వేలు పెట్టాను. పెట్టిన వేలికి జిగట తగిలింది, ఆ జిగటతో పాటు ఒక చీమ వచ్చింది. ఒళ్లు జలదరించినా ఆపలేదు. శ్రీ చేర్చి పిలిచాను. తెర మీద ఎర్రగా రెండు వరసలు పడ్డాయి.

షావుకారు కళ్లజోడు పెట్టుకొని కూడబలుక్కొని చదివాడు. "రాంగ్ నేమ్ అంటాంది. ఏంది సారూ, మా పేరు రాంగంటనా?"

"మీ పేరు కాదు..."

"శ్రీ రాంగంటనా?"

నాకు చెమట పట్టింది. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఆ కీబోర్డు కంటే ఎక్కువ రోత నా మీద నాకే పుడుతుంది. నా తాళాల గుత్తికి ఒక పెన్‌డ్రైవు ఉంటుంది. మా కోడలి ప్రోగ్రాము నేనే రాయించానని పాత విద్యార్థులకు చూపించుకోవడానికి, ఎప్పుడో పని సగంలో ఉండగా ఒక నకలు అందులో పెట్టుకున్నాను. అది తీసి గుచ్చాను. అందులోని అంగడిని ఎత్తి శ్రీఅంగడి పక్కన పెట్టాను. కోడలు "మామా, అది పాతది" అంటూనే ఉంది, నేను వినిపించుకోలేదు. శ్రీ లేకుండా, మొదటి పద్ధతిలోనే పిలిచాను.

లేచింది! పసుపు పూసిన తెర మీద సీసాల పేర్లు బారుగా వచ్చాయి. షావుకారు "సారంటే సారే" అని ఒక లడ్డు నా చేతిలో పెట్టాడు. ఆ వాసనలో, ఆ చీమల మధ్య, ఆ జిగట వేళ్లతో నేను ఆ లడ్డు తిన్నాను. కోడలి వైపు చూసి కళ్లెగరేశాను కూడా.

ఆమె లడ్డు వైపు కాదు, తెర వైపు చూస్తోంది. షావుకారు కూడా చూశాడు. మూలన బుట్టలో గడువు తీరిందని పక్కన పెట్టిన సీసాలు ఉన్నాయి. ఆయన ఒక సీసా తెచ్చి పేరు చూసుకున్నాడు, తెర మీద వెతికాడు. అమ్మవచ్చు అని ఉంది. ఇంకొకటి తెచ్చాడు. అదీ అమ్మవచ్చు. గడువు లెక్క చూసే ముక్క మా కోడలు తర్వాత రాసింది. నా పెన్‌డ్రైవులో అది లేదు. బంట్రోతు పేరు అడిగాడు, పేరు సరిపోయింది, పిలుచుకొచ్చాడు. లోపల కాపురం ఉంటున్నది పాత మనుషులని వాడికి ఎలా తెలుస్తుంది?

"సారూ," అన్నాడు షావుకారు, మెల్లగా. ఆయన గొంతు మెల్లగా ఉండడం నేను అదే మొదటిసారి వినడం. "చచ్చిన మందును బతికుందని చూపిస్తాంది ఇది. ఆ సారు వచ్చి చూస్తే నా లైసెన్సు గతేంది? రైతు ఈ మందు కొట్టుకుంటే ఆయప్ప పైరు గతేంది?"

నేను కుర్చీలోంచి లేచాను. కోడలు కూర్చుంది. నా పెన్‌డ్రైవు పీకి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది. నేను తెచ్చిన అంగడిని తీసేసింది. తర్వాత మౌసు వదిలేసి షావుకారు వైపు తిరిగింది.

"చిన్నాయనా, పుస్తకంలో శ్రీ యాడ రాస్తారు?"

"యాడేంది? పైన. నడిమధ్యలో."

"సరుకు పేరుకు అతికించి రాస్తారా? శ్రీయూరియా అని?"

"ఎవుడన్నా రాస్తాడా అట్ల? నవ్వుతారు."

"మరి నేనూ పైనే రాస్తా. పేరుకు అతికించను. ఒప్పుకుంటారా?"

షావుకారు గడ్డం గోక్కున్నాడు. "పైన అంటే అన్నిటికీ పైననా?"

"అన్నిటికీ."

"అయితే రాయి."

ఆమె శ్రీ అని ఒక కొత్త ఫోల్డరు చేసింది. శ్రీఅంగడికి ముందున్న శ్రీ తీసి దాన్ని మళ్లీ అంగడి చేసి, ఆ శ్రీ లోపల పెట్టింది. బంట్రోతును శ్రీ దగ్గర నిలబెట్టి అక్కడినుంచి నడవమంది. వాడు ఎక్కడినుంచి బయలుదేరాడన్నది ఎవరూ అడగరు. అడిగేది ఇంటిపేరునుంచే. ఇంటిపేరు ఇప్పుడు రాసినట్టే ఉంది. ప్రోగ్రాము లేచింది. బుట్టలో సీసాలన్నీ తెర మీద ఎర్రగా వచ్చాయి. షావుకారు ఒక్కొక్క సీసా తెచ్చి సరిచూసుకొని, పైన శ్రీ ఉందా అని ఒకసారి అడిగి, ఉందని ఆమె చూపిస్తే కళ్లకద్దుకున్నాడు.

నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వేళ్ల జిగట వదిలించుకోవడానికి దుకాణం వెనక పంపు దగ్గరికి వెళ్లాను. సబ్బు లేదు, మట్టితో రుద్దాను. కుంకుమ పోయింది, మందు వాసన పోలేదు. ఎంతసేపు రుద్దానో తెలియదు. అరవై దాటాక జావా తెచ్చినవాణ్ణని చెప్పుకుంటూ, కోడలి కూటిలో మన్ను కొట్టబోయిన చేతులు అవి. లోపల ఆమె, షావుకారు ఏదో మాట్లాడుకుంటున్నారు. పంపు చప్పుడులో వినిపించలేదు.

నేను తిరిగి వచ్చేసరికి వ్యవసాయం సారు వచ్చి ఉన్నాడు. తెర చూశాడు, బుట్ట చూశాడు. రెండూ ఒకటే చెబుతున్నాయని తల ఊపి, లడ్డు వద్దని, సోడా తాగి వెళ్లిపోయాడు. కోడలు బ్యాగు సర్దుకుంటోంది. ఒంగోలు వాళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తకపోవడం నాకు భయంగా తోచింది. పని ఉందా, పోయిందా? అందుకని నేను ముందుకు వచ్చి మాట్లాడాను. ఇది మాత్రం పెంచకుండా చెబుతున్నాను. పేరు గురించి మాట్లాడాను. మనిషికి ఇంటిపేరు ఎందుకో, మన పెద్దలు శ్రీని పేజీ నెత్తిన ఎందుకు ఉంచారో, పూజకూ పనికీ తగాదా ఎందుకు లేదో, మా కోడలు చేసింది ఒక్క దుకాణానికి కాదు అందరి దుకాణాలకూ పనికొచ్చే పద్ధతి అని, కాలేజీలో కూడా ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాను. షావుకారు చేతులు కట్టుకొని విన్నాడు. మధ్యలో తల ఊపాడు. మధ్యలో నవ్వాడు కూడా. చివరికి "సరే సారూ, పాప దగ్గరే ఉంటాది పని. కంభం వాళ్లకూ చెప్తా, త్రిపురాంతకం వాళ్లకూ చెప్తా" అన్నాడు. బస్సులో కోడలు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను నిద్రపోలేదు. చెడగొట్టింది నేనే అయినా నిలబెట్టింది కూడా నేనే కదా అని, ఆ ఒక్క ఆసరా పట్టుకొని ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత గిద్దలూరు పని వచ్చినప్పుడల్లా ఆమె నాకు చెప్పకుండా తెల్లవారి బస్సుకే వెళ్లిపోతుంది. నా మోకాళ్ల మీద జాలి అనుకున్నాను. కంభం దుకాణంలో ప్రోగ్రాముకు ఇల్లు కొత్తగా కట్టింది, త్రిపురాంతకంలో కూడా. హాస్టలు మంచం మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. రోడ్డు దగ్గర నవ్వింది. పెన్‌డ్రైవు దగ్గర "అది రాసినారా! నేను అత్తకు కూడా చెప్పలా" అంది. షావుకారు ముందు నేను మాట్లాడిన చోటు వచ్చేసరికి చేతిలో చిక్కుడుకాయలు ఒలవడం ఆపేసింది.

"ఇది కొట్టేయండి మామా."

"ఎందుకు? ఇది నిజమే గదా. ఆయన పని ఇచ్చింది నేను మాట్లాడినాకనే గదా?"

"మీరు పంపు కాడికి పోయినప్పుడే ఇచ్చినాడు. మీరు మాట్లాడేటప్పుడు ఊరికే విన్నాడు, పెద్దాయన గదా అని."

"దేనికిచ్చినాడు మరి?"

"ఇంకోసారి మిమ్మల్ని ఆ దుకాణానికి పిలుచుకొని రానని నేను మాట ఇచ్చినందుకు."